చెక్‌డ్యామ్ దేన్ని చెక్ చేస్తుంది?

ప్రశ్న: నేను ఒక జడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లలకు 'చెక్' అంటే తనిఖీ చేయడం, సరిచూడడం అని చెప్పాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "మా ఊరి వాగు మీద చెక్‌డ్యామ్ ఉంది కదా టీచర్, అది దేన్ని తనిఖీ చేస్తుంది?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. ఇంకొకడు "మరి బ్యాంకు చెక్కు?" అన్నాడు. ఒకమ్మాయి "గళ్ళ చొక్కాని చెక్స్ షర్ట్ అంటారు కదా" అంది. రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఇంటికొచ్చి డిక్షనరీ తీస్తే అర్థాలు పేజీ పొడుగునా ఉన్నాయి. ఇవన్నీ ఒకే మాటా, వేర్వేరు మాటలా? స్టాఫ్ రూంలో ఒకరు ఇది మన 'చెక్క' నుంచి వెళ్ళిందని వాట్సాప్‌లో చూశామన్నారు. ఇంకొకరు అరబ్బీ మాట అంటున్నారు. పిల్లలకు ఏం చెప్పను? బ్యాంకు చెక్కుకు ఏ స్పెల్లింగ్ నేర్పను?
- ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ వెనక బెంచీ కుర్రాణ్ణి క్లాసు ముందు నిలబెట్టి మెచ్చుకోండి. మీరు చెప్పిన 'తనిఖీ' తప్పు కాదు, ఇవాళ ఆ మాటను ఎక్కువగా వాడేది ఆ అర్థంలోనే. కానీ అది బాగా ఆలస్యంగా వచ్చిన అర్థం. కుర్రాడు చెయ్యి పెట్టింది అంతకంటే చాలా పాతదాని మీద. చెక్‌డ్యామ్ దేన్నీ తనిఖీ చేయదు. వాగు నీటికి అడ్డం నిలబడి దాని ఉరుకును తగ్గిస్తుంది, నీరు కాసేపు నిలిచి భూమిలోకి ఇంకేలా చేస్తుంది. అక్కడ 'చెక్' అంటే అడ్డు, అదుపు.

మీ పిల్లలు అడిగినవన్నీ ఒకే మాట. చెక్‌డ్యామ్, చెక్‌పోస్టు, హెల్త్ చెకప్, బ్యాంకు చెక్కు, చెక్స్ షర్టు అన్నీ ఒకే చెట్టు కొమ్మలు. ఆ చెట్టు వేరు ఉన్నది చదరంగం బల్ల మీద.

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సైన్యం పేరు మీదే అది చతురంగం అయింది. ఇక్కణ్ణించి ఆట పర్షియాకు వెళ్ళింది. పేరు అక్కడ చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. పర్షియన్ భాషలో రాజును 'షా' అంటారు. ఎదుటివాడి రాజు మీదికి పావును గురిపెట్టినప్పుడు "షా!" అని హెచ్చరించేవారు. అంటే "రాజు జాగ్రత్త" అని. అరబ్బుల ద్వారా ఆట యూరప్ చేరేసరికి లాటిన్ రాసేవాళ్ళు ఆ 'షా'ను తమ నోటికి తిరిగినట్టు 'స్కాకస్' అని రాసుకున్నారు. పాత ఫ్రెంచిలో అది 'ఎస్చెక్' అయింది. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన ప్రభువులు 1066 తర్వాత ఇంగ్లండును ఏలారు కాబట్టి ఫ్రెంచి మాటలు కుప్పలుగా ఇంగ్లిష్‌లోకి దిగాయి. ఇదీ అలాగే దిగి, ముందున్న 'ఎస్' రాలిపోయి 'చెక్' అయింది. దీన్నే బహువచనంలో అన్నప్పుడు వచ్చిన రూపం 'చెస్'. అంటే చెస్, చెక్ రెండూ తోబుట్టువులు. రెంటికీ తల్లి పర్షియన్ రాజు.

ఇక్కడ మీ తెలుగు మాస్టారికి నచ్చే సంగతి ఒకటి చెబుతాను. పర్షియన్ 'షా' పాత రూపంలో 'క్షాయథియ'. దాని ధాతువుకు 'ఏలడం' అని అర్థం. మన 'క్షత్రం', 'క్షత్రియ' కూడా ఆ కుదురువే. అయితే సంస్కృతం నుంచి పర్షియన్ తీసుకుందని కాదు. రెండు భాషలూ ఒకే పాత ఇంటివి, ఆ మాట రెంటికీ వారసత్వంగా వచ్చింది. పిల్లలకు ఇది చెప్పేటప్పుడు 'మన దగ్గర్నుంచే వెళ్ళింది' అనకండి. ఆట మన దగ్గర్నుంచి వెళ్ళింది, అది చాలు గర్వపడడానికి. 'చెక్' అనే మాట మాత్రం దారిలో పర్షియా వాళ్ళు చేర్చినది.

చెక్‌మేట్ గురించి కూడా తప్పకుండా అడుగుతారు. 'షా మాత్' నుంచి వచ్చింది. 'మాత్' అంటే అరబ్బీలో చనిపోయాడు అని, కాబట్టి 'రాజు చచ్చాడు' అని చాలాచోట్ల రాసి ఉంటుంది. పర్షియన్‌లో 'మాత్' అంటే దిక్కుతోచక నిలబడిపోయినవాడు. నాకైతే ఈ రెండోదే ఆటకు సరిగ్గా కుదురుతుందనిపిస్తుంది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు కదా. ఎటూ కదలలేని చోట నిలబెట్టేస్తారు, ఆట ముగుస్తుంది. దాన్నే మనం ఆటకట్టు అంటాం.

ఇప్పుడు ఆటలోంచి మాట బతుకులోకి ఎలా వచ్చిందో చూడండి. రాజుకు చెక్ పడగానే ఆడేవాడి ఎత్తులన్నీ ఆగిపోతాయి. మంత్రితో ఏదో పెద్ద దెబ్బ తీద్దామని అనుకుంటూ ఉంటాడు, అవతలి శకటు అడ్డదారిన వచ్చి రాజును గురిపెడుతుంది. ఇక తన పథకమంతా పక్కన పెట్టి ముందు రాజును కాపాడుకోవాల్సిందే. ఈ 'ఉన్నట్టుండి ఆగిపోవడం' అన్నదాన్ని ఇంగ్లిష్ వాళ్ళు ఆట బయటకు తెచ్చుకున్నారు. దూసుకొస్తున్న సైన్యాన్ని నిలువరిస్తే చెక్ అన్నారు. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నా చెక్ అన్నారు. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం 'కీప్ ఇన్ చెక్' అయింది. మీ సోషల్ టీచర్ రాజ్యాంగ పాఠంలో చెప్పే 'చెక్స్ అండ్ బ్యాలెన్సెస్'లో ఉన్నదీ ఇదే. చట్టసభ, ప్రభుత్వం, కోర్టు ఒకదాన్నొకటి తనిఖీ చేసుకుంటూ కూర్చోవు. ఒకటి హద్దు మీరకుండా ఇంకొకటి అడ్డం ఉంటుంది.

అడ్డు తనిఖీ ఎలా అయిందనేదే అందరూ తడబడే చోటు. 'తప్పు జరక్కుండా వేసే అడ్డు' అని చెప్పి చూడండి. లెక్కలు రాసేవాడు ఒకడైతే, వాటిని ఇంకో పుస్తకంతో పోల్చి చూసేవాడు మరొకడు. ఆ రెండోవాడు మోసానికీ పొరపాటుకూ అడ్డం, అంటే చెక్. మెల్లగా ఆ పోల్చి చూసే పనికే చెక్ చేయడం అని పేరొచ్చింది. ఇది 17వ శతాబ్దం చివరికి జరిగిన మార్పు. చెక్‌పోస్టు దగ్గర నిలబడితే రెండర్థాలూ ఒకేసారి కనిపిస్తాయి. అలిపిరిలో కొండెక్కే బండిని ముందు ఆపుతారు, ఆ తర్వాతే సామాను చూస్తారు. అదే మాట ఆ రెండు పనులనూ మోస్తోంది. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ అన్న పేరు మెట్రో స్టేషన్‌కు కూడా ఎక్కేసింది.

మన పేపర్ల వాళ్ళను కూడా ఇక్కడ తలుచుకోవాలి. 'ప్రత్యర్థికి చెక్', 'దోమలకు చెక్', 'జుట్టు రాలడానికి ఇలా చెక్ పెట్టండి' అని రోజూ ఏదో ఒక పేజీలో కనిపిస్తుంది. దోమల్ని ఎవరూ తనిఖీ చేయరు. అది అచ్చంగా చదరంగం బల్ల మీది చెక్. తెలుగులో 'చెక్ చేయడం' అంటే తనిఖీ, 'చెక్ పెట్టడం' అంటే అడ్డుకట్ట. ఇంగ్లిష్‌లో ఒకే క్రియ మోసే రెండర్థాలను మనం 'చేయు', 'పెట్టు'లతో చక్కగా విడగొట్టుకున్నాం. ఈ ఒక్క తేడా పిల్లలకు చూపిస్తే సగం పాఠం అయిపోయినట్టే. వాళ్ళకు తెలిసిన తెలుగులోంచే తెలియని ఇంగ్లిష్ అర్థం బయటికొస్తుంది. ఇంట్లో పేపర్ వచ్చే పిల్లల్ని ఇలాంటి హెడ్డింగులు కత్తిరించి తెమ్మనండి.

ఇక బ్యాంకు చెక్కు. దీని కథ నాకు చాలా ఇష్టం కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

12వ శతాబ్దపు ఇంగ్లండులో జిల్లాల్లాంటి సీమలకు షెరీఫ్ అనే అధికారి ఉండేవాడు. రాజుకు రావాల్సిన సొమ్ము వసూలు చేసి, ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కూ, సెప్టెంబరు చివర్లో వచ్చే మైకేల్‌మస్‌కూ, ఖజానా అధికారుల ముందు లెక్క అప్పజెప్పేవాడు. ఆ లెక్క చూసే బల్ల ఎలా ఉండేదో ఖజానా అధిపతి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో రాసిపెట్టాడు. పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు. పైన పెట్టినవి జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు. బల్ల మీద నల్లటి గుడ్డ, దాని మీద గీతలు. గీతల మధ్య వరుసల్లో బిళ్ళలు పెట్టేవారు. ఒక వరుసలో పెన్నీలు, పక్కన షిల్లింగులు, ఆ పక్కన పౌండ్లు, తర్వాత ఇరవైలు, వందలు, వేలు. అప్పట్లో వాళ్ళకున్నవి రోమన్ అంకెలు, వాటితో కాగితం మీద కూడికలు తీసివేతలు నరకం. గీతల గుడ్డ మీద బిళ్ళలు జరిపితే చదువు రాని షెరీఫ్‌కు కూడా ఎంత ఇవ్వాలో, ఎంత ఇచ్చాడో, ఎంత బాకీయో కళ్ళకు కట్టినట్టు కనిపించేది.

ఆ గీతల గుడ్డ చదరంగం బల్లలా ఉంది కాబట్టి దాన్ని అదే పేరుతో పిలిచారు. లాటిన్‌లో స్కాకారియం, ఫ్రెంచిలో ఎస్చెకియే, ఇంగ్లిష్‌లో ఎక్స్‌చెకర్. ఈ పేరెందుకని తనను అడిగినట్టు రాసుకుని ఫిట్జ్‌నీలే ఇంకో కారణం కూడా చెప్పాడు. చదరంగంలో ఇద్దరు రాజుల మధ్య యుద్ధం ఎలా నడుస్తుందో, ఈ బల్ల దగ్గర ఖజానా అధికారికీ షెరీఫ్‌కూ మధ్య అలాగే నడుస్తుందట, మిగతావాళ్ళు తీర్పరులుగా కూర్చుని చూస్తారట. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఇవాళ్టికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటున్నారంటే ఆ బల్ల మీది గుడ్డ పేరు మీదే.

సొమ్ము కట్టినందుకు షెరీఫ్‌కు రసీదుగా కాగితం ఇచ్చేవారు కాదు, కర్ర ఇచ్చేవారు. కర్ర మీద గాట్లు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందాన గాటు, వందకు బొటనవేలి వెడల్పు, ఇరవైకి చిటికెన వేలంత, ఒక్క పౌండుకు బాగా ఊరిన బార్లీ గింజంత. గాట్లు పెట్టాక కర్రను నిలువునా రెండుగా చీల్చి ఒక ముక్క కట్టినవాడికి, రెండోది ఖజానాకు. మళ్ళీ లెక్క రోజున రెండు ముక్కలూ కలిపితే గాటుకు గాటు అతకాలి. ఎవడైనా తన ముక్క మీద ఒక గాటు అదనంగా పెట్టుకుంటే అక్కడే దొరికిపోతాడు. ఈ కర్రల పద్ధతి 1826 దాకా సాగింది. చివరికి 1834 అక్టోబరు 16న, పోగుబడిన ఆ పాత కర్రల్ని పార్లమెంటు భవనం కింది పొయ్యిల్లో వేసి కాలిస్తే మంటలు అదుపు తప్పి పార్లమెంటు భవనమే చాలావరకు తగలబడిపోయింది. ఈ ముక్క చెబితే మీ క్లాసులో ఒక్కడు కూడా కదలడు.

కర్రలో ఉన్న ఉపాయమే కాగితానికీ వచ్చింది. 18వ శతాబ్దంలో బ్యాంకు పత్రాలకు ఒక పక్కన ఇంకో ముక్క ఉండేది. పత్రం చింపి ఇచ్చాక ఆ ముక్క పుస్తకంలోనే మిగిలేది. ఎవరైనా అంకె దిద్దినా, దొంగ పత్రం పుట్టించినా ఈ మిగిలిన ముక్కతో పట్టుకోవచ్చు. మోసానికి అడ్డు కాబట్టి ఆ ముక్క పేరు చెక్. తర్వాత ఆ పేరు ముక్క నుంచి అసలు పత్రానికి మారిపోయింది. బ్యాంకులో డబ్బు జమ చేసేటప్పుడు స్లిప్పు చిన్న ముక్క చింపి, స్టాంపు గుద్ది మన చేతికిస్తారే, కౌంటర్ ఫాయిల్, మొదట్లో 'చెక్' అంటే అలాంటి ముక్క. మీ దగ్గర పాత స్లిప్పు ఉంటే క్లాసుకు పట్టుకెళ్ళి చింపి చూపించండి. విమానాశ్రయంలో సామాను 'చెక్ ఇన్' చేసినప్పుడు ఇచ్చే నంబరు చీటీ వెనకా ఇదే ఆలోచన ఉంది. గుడి బయట చెప్పుల స్టాండులో టోకెన్ ఇచ్చినట్టు, నీ వస్తువు ఇంకొకడు పట్టుకుపోకుండా నంబరు అడ్డం పడుతుంది.

గళ్ళ చొక్కా సంగతి సులువు. చదరంగం బల్ల మీద గళ్ళుంటాయి, గుడ్డ మీద అలాంటి గళ్ళే ఉంటే చెక్స్ అన్నారు. అంతే. అందులో అడ్డూ లేదు, తనిఖీ లేదు, బల్ల బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి ఇంకోటి కూడా చెప్పండి: అమెరికా వాళ్ళు డ్రాఫ్ట్స్ ఆటను చెకర్స్ అంటారు, అదీ ఈ గళ్ళ వల్లే.

'చెక్క' విషయానికొస్తే, వాట్సాప్ సందేశం తప్పు. చెక్క, చెక్కడం, బంగాళదుంప చెక్కు తీయడం, 'చెక్కుచెదరలేదు' అనడం ఇవన్నీ మన సొంత మాటలు. ఇంగ్లిష్ చెక్‌తో వీటికి ఏ బంధుత్వమూ లేదు. శబ్దం కలవడం యాదృచ్ఛికం. చెక్ అనే దేశం పేరు కూడా అంతే, అది ఆ జనం తమను తాము పిలుచుకునే పేరు. ఒక మాట ఇంకో మాట నుంచి వచ్చిందనాలంటే శబ్దం కలిస్తే చాలదు. ఎప్పుడు, ఏ దారిన, ఎవరి నోటి మీదుగా వచ్చిందో మధ్య మెట్లు కనబడాలి. పైన షా, స్కాకస్, ఎస్చెక్, చెక్ అని చెప్పుకున్నాం కదా, ఆ మెట్లన్నీ రాతల్లో ఉన్నాయి. చెక్కకు అలాంటి మెట్టు ఒక్కటీ లేదు. తెలుగు మాట నిజంగా ఇంగ్లిష్‌లోకి వెళ్ళిన ఉదాహరణ కావాలంటే 'బ్యాండికూట్' చెప్పండి, అది మన పందికొక్కు. అబద్ధంతో పిల్లల్ని సంతోషపెట్టే అవసరం మనకు లేదు.

అరబ్బీ అన్న మాస్టారి మాటను మాత్రం అలా కొట్టిపారేయకండి. మధ్యయుగాల్లో అరబ్బు వర్తకులు 'సక్క్' అనే చెల్లింపు పత్రం వాడేవారు, అది మన చెక్కు లాంటిదే. బ్యాంకు చెక్కు పేరు కూడా దాన్నుంచే వచ్చిందని చాలామంది రాశారు. పద్ధతి అక్కడ ముందే ఉందన్నది నిజం. పేరు దగ్గరే పేచీ. ఇంగ్లిష్‌లో ఈ మాట మొదట పక్క ముక్కకు, ఆ తర్వాత పత్రానికి వచ్చిన క్రమం చూస్తే, చదరంగం దారే సరైనదని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుతో పాటు నేనూ నమ్ముతాను.

క్లాసులో ఇదంతా ఒకేసారి చెప్పకండి. నలభై నిమిషాల్లో ఇన్ని పేర్లు కుక్కితే పిల్లలకు తలనొప్పి, మీకు టెన్షన్. స్టోర్ రూంలో చెస్ బోర్డు ఉంటే టేబుల్ మీద పెట్టి రాజుకు ఒక చెక్ ఇచ్చి చూపించండి. కోనేరు హంపి మన విజయవాడ అమ్మాయేనని, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయిందని చెబితే ఆట మీద ఆసక్తి దానంతటదే వస్తుంది. తర్వాత బోర్డు మీద రెండే మాటలు రాయండి: అడ్డు, సరిచూడడం. చెక్‌డ్యామ్, చెక్‌పోస్టు, చెకప్, దోమలకు చెక్, ఆన్సర్ షీటు చెక్ చేయడం, ఒక్కొక్కటి ఏ మాట కింద పడుతుందో పిల్లల్నే చెప్పమనండి. చెక్‌పోస్టు దగ్గర వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి, రెండువైపులా నిజం ఉంది. షెరీఫ్ బల్ల, కర్రల కథ మరో రోజుకు దాచుకోండి.

ఒక జాగ్రత్త. మాట పుట్టుక తెలిస్తే అర్థం గుర్తుంటుంది, కానీ వాక్యంలో అర్థాన్ని తేల్చేది పుట్టుక కాదు, పక్కనున్న మాటలు. అమెరికాలో హోటల్లో తిన్నాక 'చెక్' తెమ్మంటే బిల్లు తెమ్మని. ఫారంలో గడి 'చెక్' చేయమంటే టిక్కు పెట్టమని. చదరంగాన్ని తలుచుకుంటూ కూర్చుంటే ఇవి తేలవు. పిల్లలకు కొత్త అర్థం ఎదురైనప్పుడల్లా ఆ వాక్యంతో సహా నోటు పుస్తకంలో రాసుకోమనండి. ఒట్టి మాట పక్కన ఒట్టి అర్థం రాసుకోవడం వల్లే మొన్న మీ క్లాసులో చిక్కు వచ్చింది.

చివరగా స్పెల్లింగ్. చాలాకాలం బ్యాంకు చెక్కుకు కూడా సి-హెచ్-ఇ-సి-కె అనే రాశారు. ఎక్స్‌చెకర్ ప్రభావంతో 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో సి-హెచ్-ఇ-క్యూ-యు-ఇ స్థిరపడింది. అమెరికా వాళ్ళు పాతదాన్నే ఉంచుకున్నారు. మన దేశంలో చెక్కులకు ఆధారమైన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం క్యూతోనే రాస్తుంది, బ్యాంకులూ అలాగే రాస్తాయి. కాబట్టి బ్యాంకు కాగితానికి క్యూ, మిగతా అన్నిటికీ సి-కె అని నేర్పండి. ఫోనులో అమెరికన్ ఇంగ్లిష్ సెట్ అయి ఉంటే క్యూతో రాసినదాని కింద ఎర్రగీత పడవచ్చు, దాన్ని పట్టించుకోవద్దని చెప్పండి. ఎవరైనా పిల్లవాడు పరీక్షలో బ్యాంకు చెక్కును సి-కెతో రాస్తే పక్కన సరైనది రాసివ్వండి, మార్కు మాత్రం కోయకండి. అమెరికాలో అది తప్పు కాదు.